మా ఇంటి మత్స్యావతారం

చుట్టాలు చెప్పీ వస్తారు, చెప్పకుండానూ వస్తారు. చెప్పి వచ్చినవాళ్ళకి గారెలు వండుతాం. చెప్పకుండా వచ్చినవాళ్ళకి ఉన్న చారులోనే మరో గ్లాసు నీళ్ళు పోస్తాం. ఎవరు వచ్చినా విస్తరి వేసి, పక్క పరిచి, వెళ్ళేటప్పుడు జాకెట్టు గుడ్డ పెట్టి పంపటం తెలిసిన ఇల్లే మాది. కాని విస్తట్లో తినని, పక్క మీద పడుకోని చుట్టం వస్తే ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు. అటువంటి చుట్టాలు ఇద్దరు, 2022 ఏప్రిల్లో ఒక శనివారం సాయంత్రం, ప్లాస్టిక్ కవర్లో మా రాజమండ్రి ఇంటికి వచ్చి దిగారు.

ఆ రోజు మా వీధి చివర మేడలో ఒక పిల్లవాడి పుట్టినరోజు. మా బుజ్జి వెళ్ళింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. పుట్టినరోజుకి వచ్చిన పిల్లల చేతిలో వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి పెట్టి పంపటం ఈమధ్య ఆచారమైంది. రిటర్ను గిఫ్టు అంటారు. పెన్సిళ్ళ పెట్టో, టిఫిను డబ్బావో అయితే చిక్కు లేదు. ఆ ఇంటివాళ్ళు కాస్త కొత్తగా వుంటుందనుకున్నారు కాబోలు, ఒక్కొక్క పిల్లకీ రెండేసి బంగారు చేపలు పంచిపెట్టారు.

బుజ్జి ఆ కవరుని రెండు చేతులతోనూ గుండెకి హత్తుకుని, తొణక్కుండా నడుచుకుంటూ వచ్చింది. జేగంట మోగినట్టు అరిచే పిల్ల, ఆ రోజు గుసగుసగా, "నాన్నా, చూడు!" అంది.

ముందుగా చూసింది మా అమ్మ. మూడు తరాలుగా చేప అన్న మాట వంటింట్లో వినపడని ఇల్లు మాది.

"ఇదేమిట్రా! చేపలా? మన ఇంట్లోనా? ఒరేయ్, నే మడి కట్టుకునే చోటికి వాటిని తెచ్చారంటే నేను కాశీ వెళ్ళిపోతాను!" అంది. మా అమ్మకి కోపం వచ్చినప్పుడల్లా కాశీ గుర్తొస్తుంది. ఇంతవరకూ ధవళేశ్వరం దాటి వెళ్ళలేదు.

"తినటానికి కాదు అత్తయ్యగారూ, పెంచుకోవటానికి" అంది మా ఆవిడ. అని నా వైపు తిరిగి, "ఏమండీ, ఎవరు పెంచుతారుటా?" అంది.

నేనొక హైస్కూల్లో సైన్సు మేష్టర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. సైన్సు మేష్టరు ఇంట్లో వుండగా రెండు వేలెడు చేపలకి దిక్కులేకపోవటమా? "నేను చూసుకుంటాను" అన్నాను.

"నాన్నా, ఇవి బతుకుతాయా?" అంది బుజ్జి.

"ఎందుకు బతకవే? నేను లేనూ!" అన్నాను. ఆ మాట అనకుండా వుండాల్సింది.

ఆ రాత్రి నేను చేసినవన్నీ చెబుతాను. సిగ్గుపడి దాచుకుంటే ఇది రాసి ప్రయోజనం లేదు. పోయినేడు మాగాయ పెట్టిన గాజు జాడీని సబ్బు పెట్టి తళతళలాడేటట్టు తోమాను. కుళాయి తిప్పి నిండా నీళ్ళు పట్టాను. కవరు విప్పి చేపల్ని దబుక్కున అందులోకి వంపేశాను. పాపం ఆకలిగా వున్నాయేమోనని బుజ్జి నాలుగు అన్నం మెతుకులు వేసింది. అవి తినలేదని నేను గుప్పెడు మరమరాలు నలిపి వేశాను. దుమ్ము పడకుండా మూత కూడా పెట్టాను. అంతా చేసి, ఒక ప్రాణాన్ని కాపాడినవాడి తృప్తితో నిద్రపోయాను.

తెల్లవారేసరికి జాడీలో నీళ్ళు కుడితిలా వున్నాయి. ఒక చేప పక్కకి ఒరిగి పైన తేలుతోంది. రెండోది నీటి అంచుకి మూతి ఆనించి, గుటకలు వేస్తోంది.

బుజ్జి ఏడవలేదు. ఏడిస్తే బావుండును. నా మొహం వైపు చూసి, "నువ్వు సైన్సు మేష్టారివి కదా నాన్నా?" అంది.

ఇరవై రెండేళ్ళలో ఎందరో ఇన్‌స్పెక్టర్లు నా క్లాసుకి వచ్చి ప్రశ్నలు వేశారు. ఒక్కరూ నన్ను అంత మాట అడగలేదు.

మా ఆవిడ మెల్లిగా, "ఆ రెండోదాన్నైనా గోదాట్లో వదిలేసి రండి, దాని అదృష్టం దానిది" అంది. ఆ మాటా సబబే అనిపించింది. కాని బుజ్జి జాడీ పట్టుకుని వదలదు. సరేనని చొక్కా తగిలించుకుని, బజార్లో రంగురంగుల చేపలు అమ్మే దుకాణానికి పరిగెత్తాను. అప్పుడే తలుపులు తీస్తున్నాడు ఆ కుర్రాడు. నన్ను చూసి, "మేష్టారూ! నమస్కారమండి!" అన్నాడు. పోల్చుకున్నాను. పదో తరగతిలో నా దగ్గర చదివాడు. సైన్సులో రెండుసార్లు తప్పాడు.

జరిగింది చెప్పాను. వాడు మర్యాదస్తుడు. నవ్వలేదు.

"కుళాయి నీళ్ళు తిన్నగా పట్టి పోశారాండి?" అన్నాడు.

"అవును."

"అందులో క్లోరిను వుంటాదండి. మన కడుపులోకి వెళితే మనకేం కాదు. చేపకి ఆ నీళ్ళే ఊపిరండి. మొప్పలు కాలిపోతాయి. క్లోరిను వాయువనీ, నీళ్ళు మూత తీసి వుంచితే ఎగిరిపోతుందనీ మీరే చెప్పారు గదండీ, బ్లీచింగ్ పౌడరు పాఠంలో!"

నిజమే. ఏటా చెబుతాను. ఆ పాఠం నుంచి ప్రశ్న వస్తుందని కింద గీత కూడా గీయిస్తాను. పరీక్షలో రాసినవాళ్ళకి మార్కులు వచ్చాయి. తప్పినవాడికి పాఠం వచ్చింది. మేష్టరుకి మాత్రం రెండూ రాలేదు.

వాడు ఆ పొద్దున చెప్పినదాన్ని నేను స్కూలు పిల్లవాడిలా కాగితం మీద రాసుకున్నాను. మీ ఇంటికీ ఇలా పిలవని చుట్టం రావచ్చు గనక ఇక్కడ చెబుతున్నాను.

మొదటిది నీళ్ళు. కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజు, అంటే 24 గంటలు, వుంచాలి. ఎండ తగిలితే ఇంకా మంచిది. కొన్ని ఊళ్ళలో క్లోరినుకి బదులు క్లోరమిన్ అనే మందు కలుపుతారు. అది నిలవ వుంచినంతమాత్రాన పోదు. అదీగాక నా బోటి వాడికి 24 గంటలు ఆగే వ్యవధి ఎక్కడిది? దానికి సోడియం థయోసల్ఫేటు, అదే పాతకాలం ఫొటో స్టూడియోల్లో హైపో అనేవాళ్ళం, ఆ ద్రావకం చిన్న సీసాల్లో అమ్ముతారు. సీసా మీద రాసిన లెక్క ప్రకారం చుక్కలు వేస్తే క్లోరిను వెంటనే విరిగిపోతుంది. నుయ్యి వుంటే ఆ నీళ్ళూ పనికొస్తాయి. కాని నూతి నీళ్ళలో గాలి తక్కువగా వుండవచ్చు గనక, నాలుగుసార్లు ఎత్తు నుంచి పోసి తిరగబోయాలి.

రెండోది తిండి. మొదటి రోజు ఏమీ పెట్టకూడదు. బంగారు చేపకి మనలాగ జీర్ణాశయం లేదు. తిన్నది తిన్నట్టే పేగులోకి పోతుంది. ఆరోగ్యంగా వున్న చేప వారం రోజులు తినకపోయినా చావదు గాని, మనం వేసిన మెతుకులు కుళ్ళితే ఒక్క రాత్రిలో చస్తుంది. తరువాతైనా రెండు నిమిషాల్లో తినేసేటంతే వెయ్యాలి.

మూడోది, నేను ఎన్నడూ ఆలోచించనిది. చేప తన ఒంట్లోని మలినాన్ని చాలామటుకు మొప్పల ద్వారానే, అమ్మోనియాగా నీళ్ళలోకి వదులుతుంది. ఆ నీళ్ళనే మళ్ళీ పీలుస్తుంది. చిన్న జాడీలో పెడితే తన ఊపిరే తనకి విషమవుతుంది. పెద్ద చెరువులో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాని నైట్రైటుగానూ, దాన్ని నైట్రేటుగానూ మార్చేస్తాయి. కొత్త నీళ్ళలో అవి వుండవు. వాటంతటవి పుట్టి పెరగటానికి నెలా నెలన్నర పడుతుంది. అంతవరకూ రోజూ పావు వంతో, మూడో వంతో నీళ్ళు తీసి, క్లోరిను లేని నీళ్ళు పోస్తుండాలి. మొత్తం నీళ్ళన్నీ ఒకేసారి మార్చకూడదు.

"మేష్టారూ, మీరు చేపని పెంచకండి, నీళ్ళని పెంచండి. చేప దానంతటదే పెరుగుద్దండి" అన్నాడు ఆ కుర్రాడు.

"పోనీ గోదాట్లో వదిలేస్తే?" అన్నాను, మా ఆవిడ మాట గుర్తొచ్చి.

"వద్దండి. ఇది మన ఏటి చేప కాదు. పెద్ద చేపలు మింగకపోతే ఆకలితో పోద్ది. ఒకవేళ బతికి పిల్లల్ని పెట్టిందనుకోండి, మన చేపలకి చేటండి" అన్నాడు.

హైపో సీసా, బుడగలు వదిలే చిన్న మోటారు, స్పాంజి ఫిల్టరు తీసుకున్నాను. ఆ స్పాంజి కొత్తది కాదు. తన దుకాణంలో ఎన్నాళ్ళుగానో నడుస్తున్న తొట్టిలోంచి, గోధుమరంగు పాచి పట్టిన ముక్క తీసి తడి ఆరకుండా కవర్లో కట్టి ఇచ్చాడు. "కడగకండి మేష్టారూ. దీని విలువంతా ఈ మురికిలోనే వుంది" అన్నాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి వీధి అరుగు మీద బుజ్జి జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వుంది. చేప ఇంకా గుటకలు వేస్తోంది.

వెడల్పాటి పాత్ర కావాలన్నాను. ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. గాలి నీళ్ళలో కలిసేది పైనుంచే. మా అమ్మ దూరంగా నిలబడి, "ఆ మూల ఇత్తడి గంగాళం వుంది, అవసరమైతే తీసుకోండి, నాకెలాగూ దానితో పని లేదు" అంది. నేను ఆశ్చర్యపోయాను. అది ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టింది. కాని ఇత్తడిలో రాగి వుంటుంది; రాగి నీళ్ళలోకి దిగితే చేపకి కీడు. ఆ మాట చెబితే, "అయితే మన పుణ్యం దానికి పాపమన్నమాట" అని ఊరుకుంది.

అప్పుడు మా ఆవిడ మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళి, సంవత్సరం బియ్యం పోసుకుందామని అంతకు ముందు వారమే కొన్న 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు తెచ్చి నా ముందు పెట్టింది. సబ్బు సోకని టబ్బు. ఆ బియ్యం ఇప్పటికీ గోనెసంచిలోనే వున్నాయి.

నీళ్ళు పట్టి, హైపో చుక్కలు వేసి కలిపి, జాడీని ఆ టబ్బులో తేల్చి పావుగంట వుంచాం, రెండు నీళ్ళ వేడీ ఒకటయ్యేదాకా. నేను ముందురోజు కవరుని అలా తేల్చి వుండాల్సింది. తరువాత టబ్బులోని నీళ్ళు కొంచెం కొంచెంగా జాడీలో పోసి అలవాటు చేసి, చేపని మాత్రం చిన్న గిన్నెతో తీసి వదిలాం. జాడీ నీళ్ళు మొక్కలకి పోశాం. బుడగల మోటారు గుడగుడమంది.

ఆ మురికి స్పాంజి టబ్బులో పెడుతుంటే అమ్మ ఊరుకోలేకపోయింది. "అదేమిట్రా, శుభ్రమైన నీళ్ళలో ఆ పాచి?" అంది.

సూక్ష్మజీవుల సంగతి పాఠం చెప్పబోయాను. మొదటి వాక్యం పూర్తి కాకుండానే ఆవిడ, "ఓస్, తోడా? అలా చెప్పు. పాలల్లో తోడు వెయ్యందే పెరుగెలా అవుతుంది? తోడు గిన్నె కడుక్కుంటే ఇంకేముంది!" అంది.

నేను ఆరు నిమిషాలు తీసుకునే పాఠం అది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ టబ్బుకి ఓ మూరెడు దూరంలో పీట వేసుకుని కూర్చుంది. బుజ్జి నా మీద అలక మానలేదు. మామ్మ పక్కన చేరి, "కథ చెప్పు" అంది. అమ్మ టబ్బు కేసి చూస్తూ సత్యవ్రతుడి కథ చెప్పింది. ఆ రాజు ఏట్లో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చిందనీ, నన్ను కాపాడమందనీ, కమండలంలో పెడితే తెల్లవారేసరికి చోటు చాలలేదనీ, గంగాళం చాలలేదనీ, చెరువు చాలలేదనీ, చివరికి సముద్రంలో వదలాల్సి వచ్చిందనీ. మేమందరం వంద సార్లు విన్న కథే.

"ఆయన మాత్రం పిలిచాడా ఏమిటి? దోసిట్లోకి దానంతటదే వచ్చింది. రాజై వుండి, గిన్నె చాలదని చేప చెబితే విన్నాడు. మీ నాన్న వినలేదు" అంది.

"చేప మీ నాన్నకి చెప్పలేదుగా" అంది మా ఆవిడ, నా పక్షాన.

"చెప్పింది. పైకొచ్చి గుటకలు వెయ్యటమంటే ఏమిటి మరి?" అంది అమ్మ.

సాయంత్రానికి చేప అడుక్కి దిగి, తోక ఆడిస్తూ తిరగటం మొదలుపెట్టింది. మర్నాడు బుజ్జి ఉడికించిన బఠాణీ గింజ ఒకటి తొక్క ఒలిచి, నలిపి వేసింది. గబుక్కున మింగింది. "అయితే మన భోజనమే తింటుందన్నమాట!" అని అమ్మ మొహం వికసించింది. అది దొరికితే పురుగుల్ని కూడా తింటుందన్న సంగతి నేనావిడకి చెప్పలేదు. మీరూ చెప్పకండి. పేరు మాత్రం ఆవిడే పెట్టింది: సత్యం.

మూడు వారాలు బాగానే గడిచాయి. పెరట్లో ఎప్పుడూ రెండు బకెట్ల నీళ్ళు ఎండలో వుండేవి. నేను రోజూ పన్నెండు లీటర్లు తోడి, పన్నెండు లీటర్లు పోసేవాణ్ణి. బుజ్జి బకెట్లు లెక్కపెట్టేది గాని నాతో చేప సంగతి మాట్లాడేది కాదు. నేను ఏదైనా చెబితే, "దుకాణం అన్నయ్యని అడిగావా?" అనేది.

మేలో ఒక రాత్రి పదకొండు గంటలకి కరెంటు పోయింది. బుడగలు ఆగాయి. రాజమండ్రి ఎండలు మీకు తెలియనివి కావు. రాత్రయినా టబ్బులో నీళ్ళు గోరువెచ్చగా వున్నాయి. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే ఇముడుతుంది. కాసేపట్లో సత్యం పైకి వచ్చి గుటకలు మొదలుపెట్టాడు.

ఈసారి ఆ భాష నాకు తెలుసు. చెంబుతో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ టబ్బులోకే ధారగా పోశాను. పడ్డ నీళ్ళతోపాటు గాలి కలుస్తుంది. పోస్తున్నంతసేపూ తేరుకుంటాడు, ఆపితే పైకొస్తాడు. బుజ్జి టార్చి పట్టుకుని కూర్చుని, కూర్చునే నిద్రపోయింది. ఒంటిగంటయింది. ఒంటిగంటన్నర అయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ వచ్చేసరికి మూడు దాటింది. కరెంటు లేదు. కాని నీళ్ళ చప్పుడు వినపడుతోంది. ఉలిక్కిపడి చూశాను. మా అమ్మ టబ్బుని ఆనుకునే పీట వేసుకుని, తాను మంచినీళ్ళు తాగే చెంబుతో, ఇంకెవరూ ముట్టుకోకూడని ఆ స్టీలు చెంబుతో, నీళ్ళు ముంచి పోస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ఏ స్తోత్రమో చదువుకుంటూ, ఒక్కొక్క నామానికి ఒక్కొక్క చెంబు.

"అమ్మా, నన్ను లేపకపోయావా?" అన్నాను.

"నువ్వు గురకపెడుతున్నావు. దానికి ఊపిరాడటంలేదు. ఎవరి పని ముందు చూడమంటావు?" అంది, చెయ్యి ఆపకుండా.

నాలుగుంపావుకి కరెంటు వచ్చింది. మోటారు గుడగుడమంది. అమ్మ చెంబు పక్కన పెట్టి, నడుం పట్టుకుని లేచి, స్నానానికి వెళ్ళిపోయింది. చేపని ముట్టుకున్నందుకు స్నానమా, రోజూ చేసే స్నానమేనా, నేను అడగలేదు.

పొద్దున లేచి బుజ్జి పరిగెత్తుకొచ్చి టబ్బులోకి చూసింది. తరువాత నా దగ్గరికి వచ్చింది. నా కుడిచెయ్యి భుజం దాకా నొప్పిగా వుంటే కాపడం పెట్టుకుంటున్నాను. ఆ చెయ్యి పట్టుకుని, "నాన్నా, మోటారుకి బ్యాటరీ వుంటుందా?" అంది. దుకాణం అన్నయ్య పేరెత్తకుండా నన్నే అడిగింది. వుంటుందన్నాను. ఆ సాయంత్రమే కొన్నాం.

ఇప్పటికి మూడేళ్ళు దాటింది. సత్యం బెత్తెడు దాటాడు. టబ్బులోంచి పెద్ద గాజు తొట్టికి మారాడు. సరిగ్గా చూస్తే బంగారు చేప జానెడు దాకా పెరుగుతుంది, పది పదిహేనేళ్ళు సులువుగా బతుకుతుంది. ఇంగ్లండులో 1956లో ఒక జాతరలో బహుమతిగా గెలుచుకుని ఇంటికి తెచ్చిన బంగారు చేప ఒకటి 1999 దాకా, 43 ఏళ్ళు బతికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని పేరు టిష్. ఆ సంగతి చెబితే అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "అయితే బుజ్జికి యాభై దాటేదాకా వీడుంటాడన్నమాట. నేనుండను, నువ్వూ ఏమో. ఒసేవ్, తోడు పోగొట్టకు" అంది. ఆ రోజు పోయిన మొదటి చేప కూడా బతికుంటే ఎంతవాడయ్యేవాడో అని నాకప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ మాట పైకి అనను. ఏటా బ్లీచింగ్ పౌడరు పాఠం వచ్చినప్పుడు మాత్రం, కింద గీత గీయించటం మానేసి, ఆ చేప కథ చెబుతాను.

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. బుజ్జి స్నేహితురాలి తల్లి. ఏదో పుట్టినరోజుకి వెళితే వాళ్ళ పిల్లకీ ఒక చేపని కవర్లో పెట్టి ఇచ్చారట. ఏం చెయ్యాలో తోచక, సైన్సు మేష్టారున్నారు కదా అని ఫోను చేసింది. నేను గొంతు సవరించుకునేలోపల బుజ్జి ఫోను లాక్కుంది.

"ఆంటీ, ముందు దానికి తిండి పెట్టకండి. కుళాయి నీళ్ళు పొయ్యకండి, మా ఇంట్లో నిలవ నీళ్ళున్నాయి, నాన్న బకెట్టు తెచ్చిస్తారు. మా స్పాంజిలో ముక్క కోసి ఇస్తాం, దాన్ని కడగకండి..."

వంటింట్లోంచి అమ్మ కేకేసింది:

"గిన్నె పెద్దది పెట్టమను!"